లఘుచిత్రానికి శంషాబాద్‌లో ఒక తెర కావాలి

శంషాబాద్‌కు సినిమా కొత్త కాదు. అమ్మపల్లి రామాలయం కోనేటి మెట్ల మీద ఎన్ని పాటలు, ఎన్ని పెళ్లి సీన్లు తీశారో చుట్టుపక్కల వాళ్లను అడిగితే తడుముకోకుండా చెబుతారు. ఇన్ని షూటింగులు చూసిన ఊరికి, ఫిలిం ఫెస్టివల్స్‌లో ఎంపికైన తెలుగు, పరభాషా లఘుచిత్రాలను నలుగురూ కలిసి చూసే చోటు కూడా కావాలి. ఈ కరపత్రం అడిగేది అదే.

ఆ చిత్రాలు చిన్నచూపు చూడదగ్గవి కావు. దీపక్ రెడ్డి తీసిన ‘మనసానమః’ 513 అవార్డులతో గిన్నిస్ రికార్డుకెక్కింది. తరుణ్ భాస్కర్ ‘పెళ్లిచూపులు’ (2016) కన్నా ముందు తీసిన ‘సైన్మా’ను జనం యూట్యూబ్‌లోనే చూశారు. ‘రన్ రాజా రన్’ (2014) దర్శకుడు సుజీత్‌కు చేయి తిరిగింది షార్ట్ ఫిల్ముల్లోనే. తరుణ్ భాస్కర్, సుజీత్‌ల పేర్లు పెద్ద సినిమాల వల్ల నిలిచాయి. పెద్ద సినిమా దాకా వెళ్లని దర్శకుల సంగతేమిటి? వాళ్లు తీసిన మంచి చిత్రం ఎక్కడ దొరుకుతుంది?

దొరకకపోవడానికి కారణం ఉంది. ఆస్కార్‌కు వెళ్లాలనుకునే లఘుచిత్రం 40 నిమిషాలు దాటకూడదు, అర్హత రాకముందే నెట్‌లో అందరికీ చూపిస్తే పోటీకి పనికిరాదు. తమ దగ్గరే తొలి ప్రదర్శన జరగాలని పట్టుబట్టే ఫెస్టివల్స్ కూడా ఉన్నాయి. అందువల్ల దర్శకుడు చిత్రాన్ని నెలల తరబడి దాచుకుంటాడు. ఫెస్టివల్స్ తిరుగుడు ముగిశాక యూట్యూబ్‌లో పెడితే, రోజూ వచ్చిపడే వీడియోల వరదలో అది కొట్టుకుపోతుంది. అప్పుడే దాన్ని చేయిపట్టి జనం ముందుకు తెచ్చే సంస్థ కావాలి.

ఇది జరగని పని కాదు. 2020లో కరోనాతో హాళ్లు మూతపడినప్పుడు, ముంబయి ‘మామి’తో సహా ఇరవైకి పైగా ఫెస్టివల్స్ కలిసి మే 29 నుంచి జూన్ 7 వరకు ‘వి ఆర్ వన్’ పేరుతో యూట్యూబ్‌లో ఉచితంగా చిత్రాలు చూపించాయి. కేరళ ప్రభుత్వం 2024 మార్చి 7న ‘సి స్పేస్’ అనే సొంత ఓటీటీనే మొదలుపెట్టింది. చూసిన చిత్రానికే డబ్బు కట్టాలి, అందులో సగం నిర్మాతకు వెళుతుంది. అయితే తొలి విడతలో పెట్టిన 42 చిత్రాల్లో లఘుచిత్రం ఒక్కటే. తెలంగాణ అదే దారిలో నడిస్తే లఘుచిత్రాలకు మొదటి వరసలోనే చోటివ్వాలి. రాష్ట్ర ఫిలిం డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఈ బాధ్యత తీసుకోవాలి, తీసినవాళ్ల వాటాను ఎగ్గొట్టకుండా ఇవ్వాలి.

అలా అందే చిత్రాలు చూపే తెర శంషాబాద్‌లోనే ఎందుకు? 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి ఈ ప్రాంతానికి రాత్రి లేదు. లోడర్లు, సెక్యూరిటీ వాళ్లు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు షిఫ్టుల్లో వచ్చిపోతుంటారు. క్యాబ్ డ్రైవర్లు బుకింగ్ కోసం పార్కింగ్‌లో గంటల కొద్దీ ఎదురుచూస్తారు. మూడు గంటల సినిమాకు వెళ్లే వీలు వీళ్లకు లేదు. పావుగంట చిత్రం వీళ్ల కోసమే పుట్టినట్టుంటుంది! డ్రైవర్లు ఆగే చోట ఎయిర్‌పోర్టు యాజమాన్యం ఒక తెర, నాలుగు బెంచీలు వేయిస్తే చాలు.

ఊళ్లోవాళ్లకు గ్రంథాలయం ఉండనే ఉంది. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను జనమే కడుతున్నారు. అందులోంచి ఒక ప్రొజెక్టర్, ఒక నెట్ కనెక్షన్ అడగడం దానం అడగడం కాదు.

అందరి చేతిలో ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని కొందరు అంటారు. ఫోన్ ఉంది నిజమే, ఏది చూడాలో చెప్పేవాళ్లు లేరు. పైగా ఫెస్టివల్ చిత్రాల కింద సాధారణంగా ఇంగ్లీషు అక్షరాలే పరుగెడతాయి. మరాఠీ చిత్రమో ఇరాన్ చిత్రమో వేస్తే, ఇంగ్లీషు రాని మనిషి లేచి వెళ్లిపోడా? తెలుగు సబ్‌టైటిల్ వేయడం ఈ పథకానికి ప్రాణం. పది నిమిషాల చిత్రానికి మాటలు రాసే పని కాలేజీ పిల్లలకు డబ్బిచ్చి చేయించవచ్చు.

రంగారెడ్డి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వబోయే వినతిపత్రంలో అడిగేవి ఇవే: నెలకో ఆదివారం సాయంత్రం గంటన్నర ప్రదర్శన, దర్శకుడి రాతపూర్వక అనుమతి, ప్రతి చిత్రానికీ ముందుగానే చెల్లించే రుసుము, పరభాషా చిత్రానికి తెలుగు సబ్‌టైటిల్. ఒప్పుకున్న ప్రతివాళ్లూ సంతకం చేయాలి. ఆదివారం డ్యూటీ పడేవాళ్లు తమకు వీలైన రోజేదో సంతకం పక్కనే రాయాలి.