బట్టమేకకు నేలేది?

రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లాలో, సమ్, రామ్‌దేవరా కేంద్రాల్లో బట్టమేక పిట్ట పిల్లలు పెరుగుతున్నాయి. ఎడారిలో గుడ్లను ఏరి తెచ్చి పొదిగించే పని 2019లో మొదలైంది. 2024లో కృత్రిమ గర్భధారణతోనూ పిల్ల పుట్టింది. దేశంలో స్వేచ్ఛగా తిరిగే బట్టమేకలు 150 లోపేనని అంచనా వేస్తున్న రోజుల్లో ఇది గర్వించదగ్గ విజయమే. అయితే ఆ పిల్లలకు రెక్కలొచ్చాక బతకడానికి నేలేది? కేంద్రం ముందుగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది.

ఆంధ్రప్రదేశ్‌లోని రోళ్లపాడులో ఏం జరిగిందో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. ఈ పిట్ట కోసమే 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పదిహేను కిలోల దాకా తూగే పక్షికి, సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ వట్టి నేల మీద పెట్టే పక్షికి, కంచె లోపలి గడ్డి ఏ మూలకు? చుట్టుపక్కల మెట్టచేలు, పశువులు మేసే బీళ్లు కూడా దాని ఇల్లే. కాలువ నీళ్లు వచ్చి మెట్టపైర్లు తగ్గాయి. కృష్ణజింకలు పెరిగి చేలమీద పడ్డాయి. నష్టపోయిన రైతుకు అభయారణ్యమంటేనే కంటగింపైంది. అతన్ని తప్పుపట్టలేం. బట్టమేక అక్కడ కనిపించి ఏళ్లు గడిచాయి.

అసలు తప్పు మన రికార్డుల్లో ఉంది. చెట్టు లేకపోతే చాలు, బంజరు అని రాసేస్తాం. కేంద్రం అచ్చువేసే బంజరు భూముల అట్లాసులోనూ పొదల నేలలు, క్షీణించిన మేతబీళ్లు ఆ పద్దులోనే ఉన్నాయి. ఆ ముద్ర పడ్డాక సోలార్ పలకలకు, గాలిమరలకు అడ్డేముంది? ఎదుటి చూపు మందంగా ఉండే ఈ పక్షి హైటెన్షన్ తీగల్ని ఆఖరి క్షణం దాకా పోల్చుకోలేక ఢీకొని చస్తోంది. తీగల్ని భూగర్భంలో వేయాలని 2021లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2024లో దాన్ని సడలించి నిపుణుల కమిటీని వేసింది. సౌరవిద్యుత్తు కావాలి, కానీ ఈ పిట్టకు మిగిలిన కాస్త నేలలో వద్దు.

గడ్డినేలల్ని కేంద్రం బంజరు జాబితా నుంచి తీసేసి, అడవితో సమానంగా చట్టరక్షణ కల్పించాలి. ఆ చుట్టూ జొన్న, కొర్ర పండించే రైతుకు ఏటా ఎకరానికింతని చెల్లించాలి, జింక మేసిన పంటకు ఆ పంటకాలంలోనే పరిహారం ఇవ్వాలి. రోళ్లపాడు చుట్టుపక్కల ఊళ్లతోనే ఇది మొదలు కావాలి.