పిల్లకాలువలు లేని హంద్రీ–నీవా ఎవరి కోసం?

మల్యాల దగ్గర కృష్ణా నీళ్లు ఎత్తిపోసి 40 టీఎంసీలు ఇస్తామన్నారు. రాయలసీమ నాలుగు జిల్లాల్లో 6 లక్షల 2 వేల 500 ఎకరాలు తడుపుతామన్నారు. అంటే టీఎంసీకి 15 వేల ఎకరాలు. 2012లో నీళ్లు జీడిపల్లి చేరాయి. తర్వాత కాలువ కుప్పం దాకా సాగింది. ప్రభుత్వాలు మారాయి. చేలకు నీళ్లు మళ్లించే పిల్లకాలువలు మాత్రం చాలాచోట్ల నేటికీ లేవు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని అనంతపురంలో వేరుశనగ రైతు గట్టున నిలబడి పారే నీళ్లను చూస్తున్నాడు.

పిల్లకాలువ లేకపోతే నీళ్లు ఎవరికి చేరతాయి? పైపు వేసుకోగలిగినవాళ్లకి. గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు పెనుకొండ కార్ల ఫ్యాక్టరీకి అందాయి. ఫ్యాక్టరీ వద్దని మేము అనడం లేదు. దానికి దొరికిన దారి చేనుకు ఎందుకు దొరకలేదని అడుగుతున్నాం. నీళ్లు పారే చోట భూమికి ప్లాటు ధర పలుకుతుంది. తడి అందని రైతు అప్పు తీర్చడానికి ఆ ధరకే అమ్ముకుంటాడు. దీనికి అభివృద్ధి అని పేరు!

సముద్రపు నీటిని శుద్ధి చేస్తే కొరత తీరుతుందని కొందరి సలహా. లెక్క వేద్దాం. వెయ్యి లీటర్ల శుద్ధికి 3 నుంచి 4 యూనిట్ల కరెంటు కావాలి. ఎకరా వేరుశనగకు సుమారు 20 లక్షల లీటర్లు కావాలి. అంటే ఎకరాకు 6 వేల నుంచి 8 వేల యూనిట్లు. ఆపైన నీళ్లు సీమకు ఎక్కించే ఖర్చు వేరు. ఏ పంట మోస్తుంది? నగరం మోయగలదు. తెలుగుగంగ నీళ్లు తీసుకునే చెన్నై కూడా నెమ్మేలి ప్లాంట్లలో సముద్రపు నీటిని శుద్ధి చేసుకుంటోంది. తీరంలోని పరిశ్రమలు సముద్రాన్ని వాడుకోవాలి. నది నీళ్లు చేనుకు రావాలి.

ఇప్పుడు కాలువకు కాంక్రీటు లైనింగ్ వేస్తున్నారు. పిల్లకాలువలు లేనిచోట బోర్లకు ప్రాణం పోసేది కాలువ ఊటే. అదీ ఆపితే మిగిలేదేమిటి?

మా డిమాండ్లు మూడు: ముందు పిల్లకాలువలు తవ్వాలి. అవి పూర్తయ్యే దాకా లైనింగ్ ఆపాలి. ఫ్యాక్టరీలకు ఇచ్చే నీటి లెక్క బయటపెట్టాలి, ఆయకట్టు వాటాలో కోత పెట్టకూడదు.

ప్రతి గ్రామసభలో అడగండి: కాగితం మీద మన ఆయకట్టు ఎంత? తడిసింది ఎంత? జవాబు రాకపోతే తీర్మానం చేయండి.