ఇది బడేనా అమ్మా, కూలేనా?

పైన వీడియోలో మా పిల్లలిద్దరూ జీవామృతం కలుపుతుంటే చూసినారు కదా. పాపకి 9, బాబుకి 6. వీడియో చూసిన చుట్టాలు కొందరు ఫోన్ చేసి, "మీ ఇంట్లో రోజూ పండగే అనుకో" అన్నారు. ఆ 7 నిమిషాలు నిజమే, మేమేమీ నటించలేదు. కానీ కెమెరా పెట్టని రోజులు కూడా ఉంటాయి. వాటి గురించి చెప్పకుండా "మీరూ పిల్లల్ని ఇంట్లోనే చదివించుకోండి" అనడం నాకు న్యాయంగా అనిపించలేదు.

మాది అనంతపురం జిల్లా. 4 ఎకరాల్లో చెనక్కాయ, కంది, గట్ల మీద ఆముదం, అలసంద. పాపని ఒకటో తరగతి మధ్యలో మాన్పించినాం. బడిని తిట్టడానికి చెప్పడం లేదు. రోజూ రెండు గంటలు ఆటోలోనే పోయేది. ఇంటికొచ్చాక హోంవర్కు. రైతు ఇంట్లో పుట్టిన పిల్ల, చేతికి పేడ తగిలితే ఏడ్చేది. అది చూసి మా ఆయనకీ నాకూ మనసు ఒప్పలేదు.

మొదటి నాలుగు నెలలూ నేను చేసిన పని ఏందంటే, ఇంట్లోనే ఇంకో బడి పెట్టడం. గోడకి నల్లబోర్డు, 9 గంటలకి తెలుగు, 10 గంటలకి లెక్కలు. పాప ఏడ్చేది, నేనూ ఏడ్చేదాన్ని. మా అత్త వసారాలో కూర్చుని, "దీనికోసమేనా బడి మాన్పించింది?" అనేది. ఆమె మాటలో తప్పేం లేదు.

మార్పు వచ్చింది విత్తనం పరీక్షతో. విత్తే ముందు మనమందరం చేసేదే. 100 గింజలు లెక్కబెట్టి, తడిపిన గోనెసంచిలో వరసగా పరిచి, చుట్టి నీడన పెట్టినాం. రోజూ తడి చూసే బాధ్యత పాపది. వారం తర్వాత విప్పితే 64 మొలిచినాయి. "100కి 64 అంటే మంచిదా, చెడ్డదా?" అని అడిగింది. చెనక్కాయకి 70కి తగ్గకూడదంటారు అని చెప్పినాను. అయితే ఎకరాకి గింజలు ఎక్కువ వేయాలా, విత్తనమే మార్చాలా? ఆ రాత్రి వాళ్ళ నాయన, పాప కూర్చుని లెక్కేసినారు. శాతం అనే మాట నేను చెప్పనే లేదు. దానికి ఆ లెక్క కావాల్సి వచ్చింది, అందుకే చేసింది. పుస్తకంలో లెక్క తప్పితే మార్కు పోతుంది. ఇక్కడ తప్పితే పైరు పలచబడుతుందని దానికి తెలుసు.

జీవామృతం లెక్క కూడా అట్లాగే. 200 లీటర్ల డ్రమ్ముకి ఆవు పేడ 10 కేజీలు, మూత్రం 10 లీటర్లు, బెల్లం 2 కేజీలు, పప్పుల పిండి 2 కేజీలు, గట్టు మట్టి గుప్పెడు. పిల్లలకి 20 లీటర్ల బకెట్ ఇచ్చి, మీ పెరటి మొక్కలకి మీరే కలుపుకోండి అన్నాను. అన్నీ పదో వంతు సరిగ్గానే వేసినారు, బెల్లం మాత్రం కేజీ అచ్చు మొత్తం వేసేసినారు. తెల్లారేసరికి నురగ పొంగి కింద కారింది, వాకిలంతా చీమలు. బెల్లం దండగ అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. "200 గ్రాములు కదక్కా వేయాల్సింది" అని బాబే పట్టుకున్నాడు, ఆరేళ్ళోడు.

వానకొలత ఇంకో ఆట. మూతీ అడుగూ ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి మిద్దె మీద పెట్టి, పడ్డ నీళ్ళని స్కేలుతో కొలుస్తారు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు. ఎకరాకి దాదాపు 4,047 చదరపు మీటర్లు. అంటే 20 మిల్లీమీటర్ల వానకి మా ఒక్క ఎకరం మీదే 80 వేల లీటర్లు పడినట్టు! పాప ఆ అంకె వాళ్ళ అవ్వకి చెప్పడానికి పరిగెత్తింది. ఆచ్ఛాదన ఎందుకు వేస్తామో ఆ రోజు దానికి నేను వివరించే పని లేకపోయింది.

ఒక జాగ్రత్త. మందులు కొట్టని చేను కాబట్టి పిల్లల్ని వదలగలుగుతున్నాం, అది మన అదృష్టం. కానీ సహజం అనగానే అన్నీ ముట్టుకోదగ్గవని కాదు. అగ్నిఅస్త్రంలో పొగాకు, పచ్చిమిర్చి. దశపర్ణిలో ఉమ్మెత్త. అవి చేసే రోజు మా పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండరు. ఫారంపాండ్ దగ్గరికి పెద్దోళ్ళు లేకుండా పోకూడదు. ఇందులో బేరం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన ఖరీఫ్‌లో కలుపుకి కూలీలు దొరకలేదు. పాపని వెంటబెట్టుకుని చేలోకి దిగినాను. మొదటి అరగంట నిజంగానే పాఠం. తుంగని పీకితే పైది మాత్రమే తెగుతుంది, కింద గడ్డ ఉండిపోతుంది, గరిక కణుపు కణుపుకీ వేరు పెడుతుంది, అన్నీ తవ్వి చూసుకున్నాం. తర్వాత రెండున్నర గంటలు పాఠమేం లేదు. సాలు వెంబడి సాలు. మూడో రోజు పాప నడుము పట్టుకుని నిలబడి అడిగింది: "ఇది బడేనా అమ్మా, కూలేనా?"

నాకు కోపమొచ్చింది. "ఎవురు నేర్పించినారే నీకీ మాటలు?" అని అరిచినాను. రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఏడో తరగతిలో బడి మానింది చెనక్కాయ చేలో కలుపు తీయడానికే. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టినాక ఓపెన్ స్కూల్లో పది రాసినాను. అట్లాంటిదాన్ని, నా బిడ్డకి అదే పని పెట్టి దానికి చదువని పేరు పెట్టినాను.

అప్పటినుంచి నాకు ఒకటే కొలత. పిల్లలతో కలిసి చేస్తే ఆ పనికి నాకు మామూలుకంటే ఎక్కువ టైం పట్టాలి. తక్కువ పట్టిందంటే నేను కూలి మిగుల్చుకుంటున్నట్టు. "చాలు" అన్నప్పుడు పాప లేచి పోగలగాలి. తప్పు చేస్తే నష్టం నేను భరించాలి. వీటికి ఒప్పుకోలేని కుటుంబాలు, పని ఒత్తిడి ఎక్కువున్నోళ్ళు పిల్లల్ని బడికి పంపడమే మేలని నా అభిప్రాయం. సాయంత్రాలూ ఆదివారాలూ చేను ఎక్కడికీ పోదు.

కాగితాల సంగతి చాలామంది అడుగుతున్నారు. ఎన్‌ఐఓఎస్ వాళ్ళ ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో 3, 5, 8 తరగతులకి సమానమైన పరీక్షలున్నాయి. 14 ఏళ్ళు నిండితే ఓపెన్‌లో పది రాయొచ్చు. మేం 5కి సమానమైనది రాయించాలనుకుంటున్నాం.

చదవడం? పాపకి 8 దాటినాకే వచ్చింది. పోయినేడు పెళ్ళిలో మా ఆడబిడ్డ అందరి ముందూ శుభలేఖ ఇచ్చి చదవమంటే నోరు తెరవలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. దానికి అక్షరాలు దొరికింది విత్తనాల డబ్బాల మీద. నవధాన్యాలు విత్తే రోజు కొర్ర డబ్బా అనుకుని సజ్జ డబ్బా తెచ్చి, తమ్ముడు నవ్వితే రోషం వచ్చింది. ఆ వారమంతా డబ్బాల ముందే కూర్చుంది. ఇప్పుడు తప్పుల్లేకుండా చదువుతుందని చెప్పను, ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతుంది.

ఈ ఏడు విత్తనం గోనెసంచి బుధవారం చుట్టినాం. బాబుకి మొదటిసారి. రోజుకి నాలుగుసార్లు విప్పి చూస్తున్నాడు. అన్నిసార్లు గాలి తగిలితే ఆరిపోతాయిరా అని వాళ్ళక్క అరుస్తా ఉంది. నేను పలకడం లేదు.