మంగుకు వైద్యం కావాలి, తెల్లదనం కాదు

పైగాం తెచ్చిన వారు అమ్మాయి చదువు గురించి అడిగేలోపే అడిగే మాట ఒకటుంది: ‘లడ్కీ గోరీ హై నా?’ నకిరేకల్‌లోనైనా, నల్లగొండలోనైనా, హైదరాబాద్ పాతబస్తీలోనైనా ఈ ప్రశ్న తప్పదు. పిల్ల బుగ్గల మీద కాస్త మంగు కనిపిస్తే చాలు, ఆ ఇంట్లో తల్లికి నిద్ర పట్టదు. మర్నాడే మెడికల్ షాపుకు వెళ్ళి ‘ముఖం తెల్లబడే ట్యూబు ఇవ్వండి’ అని అడుగుతుంది. చీటీ లేకుండానే ట్యూబు చేతికొస్తుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతున్నది.

ముందుగా మంగు అంటే ఏమిటో తెలుసుకోవాలి. మన చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. ఎండ నుంచి ఒంటిని కాపాడేదీ అదే. ఎండ వల్ల, గర్భధారణ సమయంలో వచ్చే హార్మోన్ల మార్పుల వల్ల, కొందరికి గర్భనిరోధక మాత్రల వల్ల ఒకచోట అది ఎక్కువగా తయారై మచ్చగా కనబడుతుంది. అదే మంగు. మొటిమలు గిల్లినచోట మిగిలే నల్లమచ్చ కూడా ఇలాంటిదే. ఇది మురికి కాదు, దోషం అంతకన్నా కాదు. మెడ వెనుక నల్లగా, మందంగా మారితే సబ్బుతో రుద్దుతుంటారు. నిజానికి అది చాలాసార్లు స్థూలకాయానికీ, రాబోయే షుగరుకూ సూచన. అక్కడ కావలసింది సబ్బు కాదు, రక్తపరీక్ష.

ఇక ఆ ట్యూబు సంగతి. మన దేశంలో మంగు పేరుతో అమ్ముడుపోయే ట్యూబుల్లో చాలావాటిలో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటికి తోడు మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటాయి. డాక్టరు పర్యవేక్షణలో కొద్ది వారాలు వాడితే ఇది పనికొచ్చే మందే. స్నో, పౌడరు మాదిరిగా నెలల తరబడి పూసుకుంటేనే ప్రమాదం. స్టెరాయిడ్ వల్ల మొదటి వారాల్లో ముఖం నిగనిగలాడుతుంది, ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు. ఆ తర్వాత చర్మం పలచబడి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి, ముఖాన వెంట్రుకలు మొలుస్తాయి. పూయడం మానితే మంట, ఎర్రదనం. ఆ బాధ ఓర్వలేక మళ్ళీ అదే ట్యూబు. హైడ్రోక్వినోన్‌ను సంవత్సరాల తరబడి వాడితే ఏ నలుపును పోగొట్టాలనుకున్నారో అంతకన్నా ముదురు నీలినలుపు మచ్చలు దిగుతాయి.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన తెచ్చింది. కాని కౌంటరు దగ్గర ఆ నిబంధన నిలబడడం లేదు. అమ్మేవారిదే తప్పని ఊరుకుందామా? చీటీ లేకుండా అడుగుతున్నది మనమే కదా!

ఊరూ పేరూ లేని డబ్బీలది మరో ప్రమాదం. గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చారనో, పక్కింటామె వాడుతున్నదనో కొనే తెల్లదనం క్రీముల్లో కొన్నింట పాదరసం ఉంటుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి ఉన్నది ఆ జబ్బులోనే అరుదైన రూపం. ఆ 15 మందిలో 13 మంది తెల్లదనం క్రీములు వాడినవారే! క్రీము మానేశాక చాలామంది కోలుకున్నారు. పాదరసం పూసుకున్న తల్లి చేతుల నుంచి పసిబిడ్డకూ అంటుతుంది. అందుకే పాదరసం కలిపిన సౌందర్య సాధనాలను 2025 నాటికి పూర్తిగా ఆపాలని మినమాటా ఒప్పందంలోని దేశాలు 2023లో తీర్మానించాయి. తయారుచేసిన వారి చిరునామా, అందులో కలిపిన వాటి పట్టీ లేని డబ్బీని ఇంట్లోకి రానివ్వకండి.

‘మందులెందుకు, ఇంటి వైద్యం చాలదా?’ అని కొందరంటారు. నకిరేకల్ నిమ్మకాయల వ్యాపారానికి పేరుపొందిన ఊరు. ఇక్కడ నిమ్మచెక్కకు కొరత లేదు. కాని నిమ్మరసం ముఖాన రుద్దుకుని ఎండలోకి వెళితే, ఆ రసంలోని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని కాల్చి, కొత్త నల్లమచ్చలు తెస్తాయి. నిమ్మకాయ షర్బత్‌కు మంచిది, బుగ్గలకు కాదు.

మరి చేయవలసిందేమిటి? మంగుకు మొదటి మందు నీడ. గొడుగు, ఓణీ కొంగు, బయటికి వెళ్ళేముందు కనీసం 30 ఎస్‌పీఎఫ్ ఉన్న సన్‌స్క్రీన్. బయట ఉన్నంతసేపు రెండేసి గంటలకోసారి దాన్ని తిరిగి రాసుకోవాలి. వుజూలో అది కడుక్కుపోతుంది గనుక జుహర్ తర్వాత మళ్ళీ రాసుకోవడం మరువరాదు. రంగు కలిపిన సన్‌స్క్రీన్‌లోని ఐరన్ ఆక్సైడ్ మంగుకు మరింత మేలు. అజెలాయిక్ ఆమ్లం వంటి నెమ్మదైన మందులున్నాయి. గర్భిణులకు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ తగవు. ఏది వాడాలన్నా డాక్టరునే అడగాలి. నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి నకిరేకల్‌కు దూరమేమీ కాదు. ఇప్పటికే నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవారు ఒక్కసారిగా మానకుండా చర్మవైద్యునికి చూపించుకోవాలి. మంగు తగ్గడానికి నెలలు పడుతుంది, ఎండ తగిలితే తిరిగొస్తుంది కూడా. వారంలో తెల్లబరుస్తానన్న వాని మాట నమ్మవద్దు. తెల్లదనం కోసం ఇచ్చే గ్లూటాథియోన్ ఇంజెక్షన్లకు అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇవ్వనేలేదు, పైగా హెచ్చరించింది.

1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరులోంచి ‘ఫెయిర్’ను తీసేసింది. కంపెనీ పేరు మార్చుకున్నది, మన పైగాంలలో ప్రశ్న మాత్రం మారలేదు. తొలి అజాన్ పలికిన హజ్రత్ బిలాల్ నల్లని హబ్షీ అని పిల్లలకు గర్వంగా చెప్పుకునే మనం, కోడలి విషయానికి వచ్చేసరికి రంగు చూపే గాజుపలక పట్టుకుని కూర్చుంటున్నాం. మంగుకు చర్మవైద్యుడున్నాడు. ‘గోరీ హై నా’ అనే ఈ జబ్బుకు మాత్రం వైద్యం మగపెళ్ళివారి ఇంట్లోనే జరగాలి. ఈసారి పైగాం తీసుకువెళ్ళే తల్లులు ఆ ఒక్క మాట అడగకుండా తిరిగి వస్తే, ఎన్నో ట్యూబులు వాటంతట అవే దుకాణాల్లో మిగిలిపోతాయి.