కారు టాంకీలో అయిదుగురి బియ్యం

పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలిపి అమ్మడం 2025లో దేశమంతటా అమలులోకి వచ్చింది. 2014లో ఇది ఒకటిన్నర పాళ్లు మాత్రమే. 2030కి చేరవలసిన లక్ష్యాన్ని అయిదేళ్లు ముందే చేరామని కేంద్ర ప్రభుత్వం వారు గొప్పగా ప్రకటించుకున్నారు. గాలి శుభ్రపడుతుందట, చమురు దిగుమతి తగ్గుతుందట, అన్నదాత అయిన రైతు ఇకమీదట ఇంధనదాత కూడా అవుతాడట!

ముసునూరు మండలంలో బోరు కింద మొక్కజొన్న వేసే కౌలురైతూ, ఆ చేలో కండెలు విరిచే కూలీ కూడా ఈ మాటల్లో నిజమెంతో లెక్కవేసుకు చూడవలసిన అవసరం ఉన్నది. లెక్కంటే ఇంజనీర్లు వేసే లెక్క కాదు, సంతలో మనం వేసుకునే లెక్కే చాలు.

పెట్రోలుతో నడిచే పెద్ద కారు టాంకీ సుమారు 60 లీటర్లు పడుతుంది. అందులో ఇరవై పాళ్లు, అంటే 12 లీటర్లు ఇథనాల్. టన్ను మొక్కజొన్న నుంచి దాదాపు 380 లీటర్లు, టన్ను బియ్యం నుంచి 450 లీటర్ల చిల్లర ఇథనాల్ తీస్తారు. ఆ ప్రకారం ఒక్కసారి టాంకీ నింపితే 32 కిలోల మొక్కజొన్న గాని, 26 కిలోల బియ్యం గాని అందులో పోసినట్లే. రేషను కార్డు మీద మనిషికి నెలకు ఇచ్చేది 5 కిలోలు. అంటే అయిదుగురున్న కూలీ కుటుంబానికి నెల కోటా ఎంతో, పెద్ద కారుకు ఒక్క టాంకీలో పోసేది అంతకు పైమాటే. ఆ టాంకీ నెలంతా రాదు. ఊళ్లో తిరిగితే లీటరుకు పది పన్నెండు కిలోమీటర్లు వెళ్లే బండి అది.

బియ్యం మాట ఊరికే అనడం లేదు. 2024-25లో ఆహార సంస్థ గోదాముల నుండి 52 లక్షల టన్నుల బియ్యాన్ని ఇథనాల్‌కు కేటాయించారు. ఆ బియ్యం కొని, నిల్వచేసి, మోసేందుకు క్వింటాలుకు ప్రభుత్వానికి పడే ఖర్చు సుమారు 4,000 రూపాయలు. డిస్టిలరీలకు ఇచ్చిన ధర 2,250. తేడా ఎవరి జేబులోంచి పోయిందో వేరే చెప్పాలా?

పెట్రోలు ఎక్కువగా తాగేది మోటారు సైకిళ్లే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, సంఖ్యలో అవే ఎక్కువ. కాని మేస్త్రీ బండి లీటరుకు యాభై కిలోమీటర్లు వెళుతుంది, దానిమీద ఇద్దరు కూర్చుని పనికి పోతారు. రెండు టన్నుల ఇనుమును ఒక్క మనిషి కోసం ఈడ్చుకు తిరగడమూ ఇదీ ఒకటి కాదు. దేశంలో ఈనాడు అమ్ముడవుతున్న కార్లలో సగానికి పైగా ఎస్‌యూవీలే. ప్రపంచంలోని ఎస్‌యూవీలన్నీ కలిపి 2023లో దాదాపు వంద కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువు వదిలాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కకట్టింది. వాటినన్నిటినీ ఒక దేశం అనుకుంటే, కాలుష్యంలో అయిదో స్థానం ఆ దేశానిదే. అటువంటి బండ్లను తగ్గించే పని మానేసి, 2025 సెప్టెంబరు 22 నుండి వాటిమీద ఉన్న జీఎస్టీ, సెస్సు రెండూ కలిపి 50 శాతం దాకా ఉన్న పన్నును 40కి దించారు. డీజిలుతో నడిచే పెద్ద కార్లకయితే ఈ ఇథనాల్ కలపడం కూడా లేదు!

ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి మూడోవంతు తక్కువ. పాత బండ్లలో ఈ మిశ్రమం పోస్తే కార్లకు 6–7 శాతం, మోటారు సైకిళ్లకు 3–4 శాతం మైలేజీ తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ పత్రమే రాసింది. కారాయనకు అదొక లెక్క కాదు. రోజూ వంద రూపాయల పెట్రోలు పోయించుకుని పనికి పోయేవాడికి అది లెక్కే. ఇథనాల్ కలిపితే పొగగొట్టం నుంచి వచ్చే విషవాయువుల్లో కొన్ని తగ్గుతాయి, ఆ మాట కాదనము. కాని చేలో జరిగేదాన్ని ఆ లెక్కలో కలపడం లేదు.

మొక్కజొన్న యూరియాను బాగా తినే పంట. 2025 ఖరీఫ్‌లో ఆంధ్రలోనూ, తెలంగాణలోనూ ఒక్క బస్తా యూరియా కోసం రైతులు తెల్లవారుజాము నుండి క్యూలలో నిలబడ్డారు. ఆ యూరియా తయారయ్యేది సహజవాయువుతో, అందులో పెద్ద భాగం దిగుమతే. చల్లిన యూరియాలో కొంత నైట్రస్ ఆక్సైడుగా మారి గాలిలో కలుస్తుంది. వేడిని పట్టి ఉంచడంలో అది బొగ్గుపులుసు వాయువుకు 270 రెట్లు. ఇక నీళ్లు. మనది మెట్ట. సాగర్ ఎడమ కాలువ నీళ్లు కాగితం మీద వస్తాయి, చింతలపూడి ఎత్తిపోతల ఏళ్ల తరబడి పూర్తికాదు. తమ్మిలేరు ఎండితే బోర్లే గతి. లోతు నుంచి నీరు తోడి, దిగుమతి గ్యాసుతో చేసిన ఎరువు చల్లి, పండించిన గింజను ఫ్యాక్టరీలో కాచి కారులో పోస్తే దాన్ని శుభ్రమైన ఇంధనం అని పిలుస్తున్నారు.

రైతుకు లాభం లేదా? 2024లో ధర వచ్చిన మాట వాస్తవం. మొక్కజొన్న ఇథనాల్‌కు లీటరు 71 రూపాయల 86 పైసలు ధర కట్టడంతో గిరాకీ పెరిగింది, కౌలురైతు నాలుగు డబ్బులు చూశాడు. మేమూ సంతోషించాం. తర్వాత ఏమయింది? ధర చూసి అందరూ అదే వేశారు. ఇటు చవక బియ్యం డిస్టిలరీలకు తోలారు. డిస్టిలరీల నుంచి వచ్చే పిప్పి కోళ్ల దాణాలోకి వచ్చి, అక్కడా గింజకు గిరాకీ తగ్గింది. 2025-26కు మద్దతు ధర 2,400 ప్రకటించారు గాని, 2025 నవంబరు నాటికి కర్ణాటకలో ధర రెండు వేలకు బాగా దిగువకు పోయి గదగ్, హావేరి రైతులు రోడ్డెక్కవలసి వచ్చింది. కౌలు మాత్రం ధర పెరిగిన ఏడు పెరిగి, పడిపోయిన ఏడు అక్కడే నిలబడింది. ఎక్కడైనా అంతే అనుకోండి.

కూలీ సంగతి ఎవరూ మాట్లాడరు. నూజివీడు ప్రాంతంలో మామిడి తోటలు కొట్టేసి మొక్కజొన్నో, పామాయిలో వేస్తున్నవారు ఉన్నారు. తోటకు వయసు మళ్లి, కాపు తగ్గి, తెగుళ్లు తగిలి చేస్తున్నారు, వాళ్లను తప్పుపట్టలేం. కాని తోట ఉంటే కాయ కోత, మోత, గ్రేడింగు, గడ్డి పరిచి పెట్టెలు కట్టడం – ఆడా మగా అందరికీ వేసవి పని. మొక్కజొన్నకు యంత్రంతో విత్తి, కలుపుమందు కొట్టి, మిషనుతో నూర్పిడి చేస్తారు. మిగిలేది కండె విరుపు, ఆ నాలుగు రోజులూ దాటితే ఏముంది?

ఫ్యాక్టరీ వస్తే ఉద్యోగాలు వస్తాయంటారు. నారాయణపేట జిల్లా చిత్తనూరు ప్రజలను, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలను, గద్వాల జిల్లా పెద్దధన్వాడ ప్రజలను అడగండి. 2023, 2024, 2025లలో వరుసగా ఆ ఊళ్లవాళ్లు ఇథనాల్ ఫ్యాక్టరీల మీద తిరగబడ్డారు. నీళ్లూ, దుర్గంధమే వాళ్ల బాధ. రసాయన పరిశ్రమ పక్కన బతకడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2022 ఏప్రిల్‌లో అక్కిరెడ్డిగూడెంలో అర్ధరాత్రి అంటుకున్న మంటల్లో బతుకుతెరువుకు వచ్చిన బీహారు కూలీలు మాడిపోయారు.

మరి దారి ఏమిటి? కరెంటు కార్లా? పొగగొట్టం ఉండదు, బాగానే ఉంది. ఆ కరెంటులో చాలా భాగం ఇబ్రహీంపట్నం వంటి చోట్ల బొగ్గు మండించగా వస్తున్నదే. బొగ్గు తగ్గి సూర్యుడి కరెంటు పెరిగే కొద్దీ అవి మేలే. అయితే రెండు టన్నుల బండికి పెద్ద బ్యాటరీ కావాలి, అది చేయడానికి తవ్వే ఖనిజాలు ఎక్కువ. పెట్రోలు పోయి కరెంటు వచ్చినంత మాత్రాన ఆ బరువు ఎక్కడికీ పోదు.

శుభ్రమైన ఇంధనం గురించి నిజంగా ఆలోచించేవాళ్లు ముందు బస్సు సంగతి చూడాలి. ఒక బస్సులో యాభై మంది పోతారు. 2025 ఆగస్టు 15 నుండి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చారు, మంచిదే. కాని పొద్దున్నే కూలికి పోయే వేళకు మా పల్లెలకు బస్సేదీ? ఒక్కో ఆటోలో పదిహేను మంది ఎక్కి ప్రాణాలు అరచేత పట్టుకుని పోతున్నారు. కరెంటు బస్సులు వస్తున్నాయి. అవి ఆర్టీసీ సొంతంగా ఉండి, పట్నాలతో ఆగకుండా నూజివీడు, ముసునూరు రోడ్ల మీద కూడా తిరగాలి. ఎస్‌యూవీ మీద తగ్గించిన పన్ను తిరిగి వేస్తే దానికి డబ్బు దొరుకుతుంది. ఇథనాల్ కావాలనుకుంటే చొప్ప నుంచి, గడ్డి నుంచి తీయండి. పానిపట్టులో 2022లోనే వరిగడ్డితో ఫ్యాక్టరీ పెట్టారు గదా! తినే బియ్యాన్ని గోదాముల్లోంచి తీసి డిస్టిలరీలకు తోలడం ఆపాలి.

మన మండలం వరకు చేయవలసినవి రెండు. రబీ మొక్కజొన్న కళ్లంలోకి రాకముందే మద్దతు ధరకు కొనే కేంద్రం తెరవాలని, కౌలు కార్డు లేనివాడి సరుకు కూడా కొనాలని తహసీల్దారు ఆఫీసులో అర్జీలు పెట్టాలి. పొద్దుటి బస్సు కోసం డిపోకు పోయేటప్పుడు కూలికి పోయే ఆడవాళ్లను ముందు నిలబెట్టుకుని పోదాం. ఏ ఊరి నుండి ఎంతమంది, ఏ వేళకు పోతున్నారో కాగితం మీద రాసుకు రండి.