ఏ మెట్టు యంత్రానికి ఇద్దాం?

“యంత్రాలు వస్తే మనుషుల పనులు పోతాయా?” అని మీ బడిలో వక్తృత్వ పోటీ పెట్టారనుకోండి. సగం మంది పోతాయనీ, సగం మంది పోవనీ బల్ల గుద్ది వాదిస్తారు. ఎవరికో ఒకరికి బహుమతి వస్తుంది. నాకు మాత్రం అసలు ప్రశ్నే సరిగా లేదనిపిస్తుంది. ఎందుకో తెలియాలంటే జనగామలో సికింద్రాబాదు వైపు వెళ్ళే రైలెక్కండి. ముందు పెంబర్తి వస్తుంది. ఆ తర్వాత ఆలేరు. మన చర్చకు ఈ రెండు చోట్లూ చాలు.

ముందు ఆలేరు వెళదాం. ఆ చుట్టుపక్కల పోచంపల్లి రకం చీరలు నేస్తారు. ఈ చీర మీది పువ్వునీ ఏనుగునీ బట్ట నేశాక అద్దరు. నేయకముందే దారానికి రంగు వేస్తారు. ఏ పోగులో ఎక్కడ ఎరుపు రావాలో, ఎక్కడ తెలుపు మిగలాలో ముందే లెక్క కట్టి, రంగు అంటకూడని చోట గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. ఆ దారం మగ్గం మీదికి ఎక్కినప్పుడు బొమ్మ తనంతట తాను తేలి వస్తుంది.

అయితే కట్లు కట్టేముందు దారాన్ని ఒక క్రమంలో పరచాలి. దీన్నే ఆసు పోయడం అంటారు. ఒక వైపు ఒక మేకు ఉంటుంది. దానికి ఎదురుగా అర్ధవృత్తంలో వరసగా చాలా మేకులు. ఈ మేకు నుంచి ఆ మేకులకు ఒక్కొక్కదానికీ దారం తిప్పుతూ పోవాలి. అర్ధవృత్తమే ఎందుకు? మీ లెక్కల పుస్తకంలోనే జవాబుంది. కేంద్రం నుంచి వృత్తం మీద ఏ బిందువుకైనా దూరం ఒక్కటే కదా! అందువల్ల పోగులన్నీ ఒకే పొడవు వస్తాయి. వ్యాసార్ధం అనే మాట ఎన్నడూ వినని అమ్మలు కూడా తరతరాలుగా దాన్ని వాడుతూనే ఉన్నారన్నమాట.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక చీరకు ఆసు పోయాలంటే చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఒక్కోసారి ఒక మీటరు కదిలిందనుకుందాం. 9 కిలోమీటర్లు! కూర్చున్న చోటే కూర్చుని చేతిని 9 కిలోమీటర్లు నడిపించడం. ఇందుకు నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలైతే 18 కిలోమీటర్లు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళది. సాయంత్రానికి భుజం లేవదు. మళ్ళీ వంట చేయాల్సిందీ ఆ చేతితోనే.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే కుర్రవాడు వాళ్ళమ్మ లక్ష్మి పడే ఈ బాధ చూశాడు. ఆరో తరగతితో బడి మానిన అతను 1992లో ఆసు పోసే యంత్రం తయారు చేయడానికి పూనుకున్నాడు. డబ్బు లేదు. జరిగే పని కాదన్నవాళ్ళు చాలామంది. ఒక భాగం కుదిరితే మరో భాగం మొరాయించేది. హైదరాబాదులో కరెంటు పని చేస్తూ, బాలానగర్‌లో ఒక యంత్రం కదలికను చూసినప్పుడు తనకు చిక్కని చివరి ముడి విడిపోయింది. 1999లో యంత్రం పూర్తయింది. అమ్మ పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఒక్క విషయం గమనించండి. ఈ యంత్రం చీర నేయదు. బొమ్మ గీయదు, కట్లు కట్టదు, రంగు వేయదు. చీర తయారీలో ఎన్నో మెట్లు ఉంటే, ఒంటిని నలగ్గొట్టే ఒక్క మెట్టునే అది తీసుకుంది. నేర్పు అంతా మనిషి దగ్గరే ఉంది. ఆసు పోసి కూలి తెచ్చుకునే ఆడవాళ్ళకు ఆ కూలి తగ్గలేదా అని ఎవరైనా అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. దాన్ని దాటవేయకూడదు. కాని ఇంటి మగ్గానికి జీతం లేకుండా చెయ్యి అరగదీసుకున్న అమ్మల సంగతి కూడా లెక్కలోకి రావాలి.

అదే చీరకు ఇంకో యంత్రం కూడా వచ్చింది. అది మామూలు బట్ట మీద పోచంపల్లి నమూనాను అచ్చు గుద్దేస్తుంది. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు, ధర తక్కువ. ఈ యంత్రం తీసుకున్నది ఏ మెట్టు? సరిగ్గా నేర్పు ఉన్న మెట్టు. మొదటి యంత్రం నేతగాడి భుజానికి సాయం, రెండోది అతని బొమ్మకే ఎసరు. రెండింటినీ కలిపి “సాంకేతిక ప్రగతి” అని ఒకే గాటన కడితే నేనొప్పుకోను.

తిరుగు రైల్లో పెంబర్తిలో దిగుదాం. ఇక్కడి ఇత్తడి పనికి కాకతీయుల నాటి నుంచీ పేరు. రేకును కాల్చి మెత్తబరచి, లక్క మీద పరిచి, ఉలీ సుత్తీ పట్టుకుని వెనక నుంచి కొంత, ముందు నుంచి కొంత కొడుతూ బొమ్మను పైకి తేలుస్తారు. ఒకప్పుడు రేకును కూడా సాగగొట్టి తయారు చేసుకునేవారు. ఇప్పుడు మిల్లులో చుట్టిన రేకు కొంటారు. మెరుగు పెట్టడానికి కరెంటు చక్రం ఉంది. వీటివల్ల పనివాడి చెయ్యి తేలికపడింది, బొమ్మ అతనిదే. ఉలి పట్టే మెట్టును అచ్చుయంత్రం లాక్కుంటేనే చిక్కు. అప్పుడు ఒకే ముఖం ఉన్న వెయ్యి బొమ్మలు బయటికొస్తాయి.

మీ ఊళ్ళో అంగళ్ళ బోర్డులు కుంచెతో రాసే పెయింటర్లు ఉండేవారు, గుర్తుందా? మీ నాన్ననడిగితే చెప్తారు. ఫ్లెక్సీ వచ్చి వాళ్ళ పనిలో ఏ మెట్టునూ మిగల్చలేదు. కొందరు కంప్యూటరు నేర్చి ఆ ఫ్లెక్సీలకే డిజైన్లు చేశారు. అందరికీ అది సాధ్యపడలేదు.

ఇప్పుడు ఉత్తరాలు రాసే, బొమ్మలు గీసే కంప్యూటరు ప్రోగ్రాములు వచ్చాయి. డాక్టరు, గుమాస్తా, ఉపాధ్యాయుడు, చివరికి ఇలా పత్రికలకు రాసే నాబోటివాళ్ళ పనులు కూడా మెట్లు మెట్లుగా విడిపోతున్నాయి. కాబట్టి పోటీలో మన ప్రశ్నను ఇలా మార్చుకుందాం: వచ్చిన యంత్రం ఏ మెట్టు తీసుకుంది? ఆ యంత్రం ఎవరి చేతిలో ఉంది?

ఈ ఆదివారం ఒక కాగితం తీసుకోండి. మీ ఇంట్లో జరిగే ఒక పనిని ఎంచుకోండి. వరి నాటే పనైనా, బట్టలు కుట్టే పనైనా, టీ కొట్టు నడిపే పనైనా సరే. దాన్ని మొదటి నుంచి చివరిదాకా మెట్లుగా రాయండి. యంత్రానికి ఇచ్చేయదగిన మెట్టు కింద ఒక గీత గీయాలి. ఆ గీత మాత్రం మీరు గీయకండి. కాగితం పట్టుకెళ్ళి, ఆ పని రోజూ చేసేవాళ్ళనే గీయమనండి.