కడుపునొప్పి అనే వార్త

"కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య." జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో నాలుగు లైన్లు. ఊరు, వయసు, భర్త పేరు, కేసు నమోదు చేసిన ఎస్ఐ గారి పేరు. ఈ వార్తను మీరు ఎన్నిసార్లు చదివి ఉంటారు? రామచంద్రపురంలో సంఘం పని చేస్తున్న నేను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. మగవాడు చనిపోతే అప్పులనీ, పంట నష్టమనీ, వ్యాపారం దెబ్బతిందనీ ఏదో ఒక కారణం వెతుకుతారు. పెళ్లయిన ఆడదానికి మాత్రం చాలాసార్లు కడుపునొప్పే.

నిజంగా కడుపునొప్పితో బాధపడే స్త్రీలు లేరని నేననను. గర్భసంచి జబ్బులతో, సరైన వైద్యం లేక ఏళ్ల తరబడి నలిగేవాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. అదే నిజమైతే అదీ వార్తే కదా! ఆమెను ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదని ఎవరైనా అడగాలి. ఆ ప్రశ్న కూడా ఎవరూ వేయరు.

ఆ మాట ఎక్కడ పుడుతుందో నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల క్రితం పక్క మండలంలో ఒక అమ్మాయి చనిపోయింది. అంతకుముందు రెండుసార్లు మా దగ్గరికి వచ్చింది. రెండోసారి చేతిమీద వాతలు చూపించింది. మార్చురీ దగ్గరికి నేను వెళ్లేసరికే పెద్దమనుషులు మాట్లాడేశారు. బిడ్డ పేర కొంత పొలం రాస్తారట. చెల్లెలికి పెళ్లి కావలసి ఉంది, అల్లరి దేనికన్నారు. తండ్రి కాగితం మీద సంతకం పెట్టాడు: "మా అమ్మాయి తరచూ కడుపునొప్పితో బాధపడేది." ఆయన్ను నేను తప్పుపట్టలేకపోయాను. నేనూ నోరెత్తలేదు. ఆ మౌనం ఈనాటికీ నన్ను తొలుస్తూనే ఉంది.

మర్నాడు పేపర్లో అదే అచ్చయింది. దినం నాడు ఆ ఇంటి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు, రాత్రుళ్లు ఆమె ఏడుపు తమ చెవులతో విన్నవాళ్లు, "పాపం, కడుపునొప్పంటమ్మా, పేపర్లో పడిందిగా" అనుకోవడం విన్నాను. నన్ను భయపెట్టింది ఇది. పత్రిక వాళ్లకు తెలియని అబద్ధాన్ని చెప్పలేదు. తెలిసిన నిజాన్ని చెప్పకుండా ఉండడానికి ఒక మాట అందించింది. రాజీ కాగితం పెద్దమనుషుల జేబులో ఉంటే రాజీయే. పేపర్లో పడితే అదే ఊరి చరిత్ర.

ఆ వార్త రాసిన విలేకరిని అడిగాను. "ఎఫ్ఐఆర్‌లో ఏముంటే అదే రాస్తామండీ మేడమ్. మొగుడు కొట్టాడని రాస్తే రేపు కేసు నామీద పడుద్ది" అన్నాడు. అతను అబద్ధమాడలేదు. అతనికి జీతం లేదు, అచ్చయిన వార్త కొలతను బట్టి నాలుగు డబ్బులు, ప్రకటనల మీద కమీషను. ఆ పెద్దమనుషుల్లో ఒకాయన పుట్టినరోజు ప్రకటన తేవలసింది కూడా అతనే.

ఒక్క వార్త సమాజాన్ని మారుస్తుందా అని అడిగే మిత్రులున్నారు. మన గోదావరి గట్టునే 1874లో కందుకూరి వీరేశలింగం గారు 'వివేకవర్ధిని' ఎందుకు పెట్టారు? అంత దూరం ఎందుకు, నెల్లూరు జిల్లా దూబగుంటను తలచుకోండి. ఒక పల్లె ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కథను అక్షరాస్యతా తరగతిలో పాఠంగా చదివిన స్త్రీలు తమ ఊళ్లో అదే పని చేశారు. 1992లో 'ఈనాడు' ఆ పోరాటానికి పేజీలు కేటాయించింది. ఒక ఊరి కబురు మరో ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఉద్యమాన్ని పత్రిక పుట్టించలేదు, ఆడవాళ్లే చేశారు. కానీ మొగుడు తాగి కొట్టడం ఇంటి గుట్టు కాదని, బయట చెప్పుకోదగ్గ విషయమేనని ఆ అచ్చు అక్షరాలు వాళ్లకు ధైర్యమిచ్చాయి. 1997లో నిషేధాన్ని ఎత్తివేశారు, అది వేరే దుఃఖం.

ఇప్పుడు పేపరు కంటే ముందే వాట్సాప్ గ్రూపులో ఫొటోతో సహా వస్తోంది. అక్కడ కడుపునొప్పి ఉండదు, 'వివాహేతర సంబంధం' ఉంటుంది. ఏది నయమో నాకు తెలియదు.

అయితే భర్తే చంపాడని విచారణకు ముందే రాయమని మనం అడగడం లేదు. ఒక ప్రాణం పోవడానికి కారణాలు ఎప్పుడూ ఒక్కటే ఉండవు. ఎలా చనిపోయిందో వర్ణించవద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆస్ట్రియాలోని వియన్నా నగరంలో భూగర్భ రైలుమార్గంలో జరిగే ఆత్మహత్యల గురించి రాసే తీరును 1987లో పత్రికలు మార్చుకున్నాక ఆ మరణాలు బాగా తగ్గాయి. రాసే పద్ధతికి అంత బలముంది. ఇక చట్టం సంగతి. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకుంటే పోలీసు పంచనామాతో సరిపోదు, మేజిస్ట్రేటు విచారణ జరగాలి. మన మండలాల్లో ఆ పని తహసీల్దారుది. 1983లో చేర్చిన ఈ నిబంధన 2024 జూలై నుంచి అమలవుతున్న నాగరిక సురక్షా సంహితలోనూ ఉంది. పెళ్లయి ఎన్నేళ్లయింది, తహసీల్దారు వచ్చారా, ఈ రెండు ప్రశ్నలు ఎన్ని వార్తల్లో కనిపిస్తాయి?

మా సంఘం ఇప్పుడు చేస్తున్నది చిన్న పని. ఇలాంటి మరణం తెలిసిన వెంటనే ఈ రెండు సంగతులూ కనుక్కుని, కాగితం మీద రాసి, సంతకం పెట్టి విలేకరులందరికీ ఇస్తున్నాం. చాలామంది పక్కన పడేస్తారు. కిందటేడాది ఒక్కరు వేశారు: "పెళ్లయి నాలుగేళ్లు. మృతికి కారణం తెలియవలసి ఉంది. తహసీల్దారు విచారణ చేపట్టారు." అంతే. ఆ మర్నాడు సాయంత్రం ఆ ఇంటి పక్కావిడ మా ఆఫీసుకు వచ్చింది. చాలాసేపు మాట్లాడలేదు. మంచినీళ్లు తాగి, "రాత్రుళ్లు మాకు వినపడేదండీ" అంది.